ఈత టీచరు జుట్టు

సోమవారం

ఇవాళ ఒకావిడ తల చూశాను. ఎక్స్‌టెన్షన్లు కావాలంది. మీ జుట్టుకి వద్దని చెప్పి పంపేశాను. తరచూ ఎవరికో ఒకరికి చెప్పే మాటే ఇది. ఇందులో రాయడానికేమీ లేదు.

సోమవారమే, ఇంటికొచ్చాక

రాయడానికేమీ లేదని సెలూన్లో రంగులు కలిపే గదిలో కూర్చుని రాశాను. ఇంటికొచ్చి పొయ్యి కింద బండ తుడిచాను. పొద్దున తుడిచిందే. దువ్వెనలన్నీ సబ్బునీళ్ళలో వేసి తీశాను. కిటికీ దగ్గరికి వెళ్ళాను, వచ్చాను. కాలుగాలిన పిల్లిలా తిరిగేకన్నా రాసెయ్యడం నయం.

ఆవిడ ఈత టీచరు. మా అమ్మాయి పిచ్చుకకి రెండేళ్ళుగా ఈత నేర్పుతోంది. వచ్చే నెలలో పిచ్చుక నాన్నని పెళ్ళి చేసుకోబోతోంది.

మేం విడిపోయి నాలుగేళ్ళు. ఆయన ఎవర్ని చేసుకుంటే నాకేం? ఈ మాట మా అక్కతో అన్నాను, సెలూన్ ఓనరమ్మతో అన్నాను, పిచ్చుకతో కూడా అన్నాను. నిజం కాబట్టే అన్నిసార్లు అన్నాను.

"నేనెవరో మీకు తెలుసు కదండీ," అంది ఆవిడ, కుర్చీలో కూర్చోకముందే.

"తెలుసు. కూర్చోండి."

"ఇంకెక్కడికైనా వెళ్ళమంటే వెళ్తాను."

"మా దగ్గరికి ఎవరొచ్చినా కూర్చోబెడతాం. అయినా ఊళ్ళో ఇంతమంది ఉండగా నా దగ్గరికే ఎందుకొచ్చారు?"

"పిచ్చుక చెప్పింది. మా అమ్మ పెడితే సొంత జుట్టో పెట్టిన జుట్టో ఎవరూ కనిపెట్టలేరని." అద్దంలో నన్నే చూస్తూ నవ్వింది. "పైగా మీరైతే పాడుచెయ్యలేరు కదండీ. ఏదన్నా అయితే కావాలనే చేశారంటుంది లోకం. మిగతావాళ్ళకి ఆ భయం లేదు."

తెలివైనదే.

జుట్టు భుజాల దాకా ఉంది. రంగు ఇదీ అని చెప్పలేం. ఇత్తడి చెంబుకి చిలుం పట్టినట్టుంది. ఎప్పుడో సరదాపడి బ్లీచ్ చేయించుకుందట. ఈతకొలనులో వేసే మందుకి అది ఆకుపచ్చగా తిరిగింది. పచ్చదనం పోవాలని ఇంట్లో తనే మళ్ళీ బ్లీచ్ పెట్టుకుంది, కుదుళ్ళ దాకా. అదీ చాలక ఇంకోసారి. రోజూ నీళ్ళలో నానడం, ఎండలో ఆరడం. జుట్టు మాత్రం ఏం చేస్తుంది?

పాపిట పక్కనుంచి ఒక వెంట్రుక తీసి, తడిపి, రెండు చేతుల మధ్య లాగాను. మంచి వెంట్రుకైతే కాస్త సాగి, వదిలితే వెనక్కి వస్తుంది. ఇది జీళ్ళపాకంలా సాగింది, సాగింది, తెగింది. కణత దగ్గరది తీశాను. సాగకుండానే తెగింది.

విడమరిచి చెప్పాను. ఎక్స్‌టెన్షన్ అంటే చిన్న టేపుతో మీ సొంత జుట్టుకే, కుదురు దగ్గర అంటిస్తాం. దాని బరువంతా మీ జుట్టే మొయ్యాలి. కూలివాడికే జ్వరమొస్తే మూట ఎవరు మోస్తారు?

"ఆ ఒక్కరోజుకే అయితే క్లిప్పులతో ఏదో ఒకటి చూడొచ్చు," అన్నాను.

"సాయంత్రం తీసి డబ్బాలో పెట్టుకోవడానికా? వద్దండీ. మర్నాడు పొద్దున లేచినప్పుడు కూడా ఉండాలి."

ఎంత పొడుగు కావాలో కూడా చెప్పింది. అది ఇక్కడ రాయను.

ముందంతా పాడైంది. వెనక కూడా అంతే. మొత్తం తలే పనికిరాదని, మూడు నెలలు ఆగి రమ్మని చెప్పాను.

"పెళ్ళి వచ్చే నెలేనండీ."

"పెళ్ళి సంగతి నాకు తెలీదండీ, నేను జుట్టు సంగతి చెప్తున్నా."

మాట మర్యాదగానే అన్నాను. గొంతు ఎలా ఉందో తెలీదు. ఆవిడ లేచి, మెడ చుట్టూ కట్టిన గుడ్డ తనే విప్పి, మడతపెట్టి కుర్చీ మీద పెట్టి వెళ్ళింది. ఏ క్లయింటూ ఆ గుడ్డ మడతపెట్టగా నేను చూడలేదు.

మంగళవారం

వద్దనడం సరైనదే.

బుధవారం

ఓనరమ్మ ఊరుకోలేదు. "రెండు పాయలు తక్కువ పెట్టి పంపాల్సింది. వచ్చిన మనిషిని వెనక్కి పంపితే పదిమందికి చెప్తుంది. నీకు ఆవిడతో ఏదో ఉందని నాకు తెలుసు, అది సెలూన్ గుమ్మం బయట చూసుకో," అంది.

"జుట్టు బాలేదు మేడం."

"జుట్టు బాగుంటే మన దగ్గరికెందుకొస్తారే పిచ్చిదానా!"

మధ్యాహ్నం పిచ్చుక నాన్న ఫోను. "ఎవరి మీద కోపం ఎవరి తల మీద తీర్చుకుంటున్నావ్?" అన్నాడు ఎత్తగానే.

"నీ తల మీద తీర్చుకుందామంటే అక్కడ ఏముంది?" అన్నాను.

కాపురం చేసినన్నాళ్ళూ 'మీరు' అనేదాన్ని. విడిపోయాక 'నువ్వు'లోకి దిగాను. ఆ ఇంట్లోంచి నేను తెచ్చుకున్న ఆస్తి అదొక్కటే.

ఆయన నవ్వలేదు. "చూడు, ఆమె నీ దగ్గరికి రావడానికి ఎంత ఆలోచించిందో నీకు తెలీదు. నేను వద్దన్నా వచ్చింది. రాత్రంతా ఏడుస్తూనే ఉంది."

"నీ జుట్టు బాలేదంటే ఎవరైనా ఏడుస్తారు."

"అంతేనా?"

"అంతే."

పెట్టేశాక చాలాసేపు బట్టతల జోకు తలుచుకుని నవ్వుకున్నాను. తర్వాత నవ్వు రాలేదు. మూడింటికి వచ్చిన పెద్దావిడకి రంగు పెడుతూ చెవి మీద కూడా పూశాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా చెయ్యలేదు.

గురువారం

ఆవిడ వెంట్రుకలు కొన్ని సోమవారమే దువ్వెనలోంచి తీసి చిన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో తెలీదు. ఇవాళ మళ్ళీ తడిపి లాగి చూశాను. తెగాయి.

చూశావా, అనుకున్నాను. ఎవరితో అనుకున్నానో.

శనివారం

పిచ్చుకకి పదకొండేళ్ళు. ఉండేది వాళ్ళ నాన్న దగ్గరే, శనివారాలు ఈత అయ్యాక నా దగ్గరికి వస్తుంది. తడి సంచి గుమ్మంలో పడేసి, నా వంక చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. అన్నం పెడితే కెలికింది. ఎప్పుడూ గలగలా వాగే పిల్ల, నోరు కుట్టేసినట్టు కూర్చుంది.

"ఏమైందే?"

"నువ్వు కావాలనే వద్దన్నావ్."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నాకు తెలుసు. నేనే చెప్పాను టీచర్‌కి, మా అమ్మ దగ్గరికి వెళ్ళండి, మా అమ్మ మంచిది అని. ఇప్పుడు నా పరువు పోయింది."

పదకొండేళ్ళకి పరువేమిటే అని నవ్వబోయాను. దాని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"ఆమె జుట్టు తెగిపోతోందమ్మా. బరువు పెడితే ఊడొచ్చేస్తుంది."

"అంతా చూశావా?"

"చూశాను."

కంచం తీసుకెళ్ళి తనే కడిగింది. నేను కడగమనకుండా అది కంచం కడిగిందంటే నా మీద చాలా కోపంగా ఉన్నట్టు.

అంతా చూశాను.

వెనక చూశానా?

ఆదివారం

మాస్టరమ్మ ఇంటికి వెళ్ళాను. నాకు ఈ పని నేర్పిందావిడే. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయని మానేసింది. వరండాలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళ తలలకి వంకలు పెడుతూ ఉంటుంది.

కవర్లోంచి వెంట్రుకలు తీసి ఇచ్చాను. గ్లాసులో నీళ్ళలో ముంచి, వెలుగుకి ఎత్తి చూసి, లాగింది. తెగింది.

"చచ్చింది ఇది. ఎవరిది?"

"ఒక క్లయింటుది."

"ఒక క్లయింటు జుట్టు పట్టుకుని ఆదివారం పూట ఇంతదూరం వచ్చావా! ఏ మహారాణో?"

చెప్పాను. చెప్పకముందే సగం గ్రహించింది.

"ఇవి ముందువి. వెనకవేవి?"

"తేలేదు."

"తేలేదా, చూడలేదా?"

వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చెయ్యడానికి తంటాలు పడుతున్నారు. అది స్టార్టయ్యేదాకా అటే చూశాను.

"చూడలేదు."

"ఈతకి టోపీ పెట్టుకుంటారు కదే, ఇంట్లో తనే పెట్టుకున్న బ్లీచ్ కూడా వెనక లోపలికి సరిగా అందదు. ముందుదీ చివర్లదీ పోయినా, వెనక లోపలి పొర ఒక్కోసారి బతికుంటుంది. అంటిస్తే అక్కడే అంటించాలి. ఈ మాట నీకు నేను చెప్పాలా?"

"ముందు చూడగానే తెలిసిపోయింది, పనికిరాదని..."

"ముందు చూడగానే నీకు ఇంకేదో తెలిసింది." గ్లాసులో నీళ్ళు కుండీలో ఒంపేసింది. "అది పనికొస్తుందో రాదో నాకూ తెలీదు. నీకూ తెలీదు. తెలీనప్పుడు తెలీదనాలి. వద్దన్నావు. అదీ తప్పు."

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా కూర్చోలేకపోయాను. నిలబడే వచ్చాను.

ఆవిడ అడిగిన పొడుగు రాసేస్తాను. నడుము దాకా. "మీ పెళ్ళి ఫోటోలో ఉన్నంత," అంది. వాళ్ళ నాన్న ఇంట్లో పిచ్చుక తన గదిలో మా పెళ్ళి ఫోటో గోడకి పెట్టుకుందట. నాకు తెలీదు. అందులో నా జడ ముందుకి, నడుము దాకా వేలాడుతూ ఉంటుంది. ఆవిడ రోజూ పిచ్చుక దుప్పటి మడతపెడుతూ దాన్ని చూస్తుందట.

ఆ మాట చెవిన పడేసరికి నా వేళ్ళు ఆవిడ చెవి వెనక ఉన్నాయి. అక్కణ్ణుంచి వెనక్కి వెళ్ళలేదు.

సోమవారం

ఆవిడకి ఫోను చెయ్యలేదు. పని ఎక్కువగా ఉంది.

పని ఎక్కువేం లేదు.

మంగళవారం

చేశాను. నంబరు పిచ్చుక ఈత క్లాసు రసీదు మీద ఉంది.

"మీ తల ఇంకోసారి చూడాలండీ. వెనక భాగం సరిగా చూడలేదు," అన్నాను. ఎంతో పెద్ద ఉపన్యాసం తయారుచేసుకున్నాను గానీ, నోట్లోంచి వచ్చింది ఇంతే.

అవతల ఈల శబ్దం, పిల్లల కేకలు. "శుక్రవారం వేరేచోట పెట్టించుకుంటున్నానండీ. బస్టాండు పక్కన. ఒక్క పూటలో అయిపోతుందన్నారు. జిగురుతో."

జిగురుతో! ఆ తలకి!

"శుక్రవారం దాకా టైముంది కదా. ఇవాళ రండి. చూశాక మీ ఇష్టం."

వచ్చింది. ఈసారి గోడవైపు కుర్చీలో కూర్చోబెట్టి, పైజుట్టంతా ఎత్తి క్లిప్పులు పెట్టి, మెడ మీది నుంచి పొర పొరగా చూశాను. మాస్టరమ్మ చెప్పినట్టే ఉంది. లోపలి పొర నల్లగా, కాస్త బిరుసుగా ఉంది. తడిపి లాగితే కొన్ని వెనక్కి వచ్చాయి. కొన్ని రాలేదు. ఆవిడ ఊపిరి బిగబట్టుకుని కూర్చోవడం భుజాల్లో తెలుస్తోంది.

"ఏమంటారు?"

"తెలీదు," అన్నాను. ఆ మాట అనగానే ఎందుకో తేలికైంది. "నిజంగా తెలీదండీ. నడుము దాకా అయితే ఎలాగూ కుదరదు, అంత బరువు మొయ్యలేదు. వెనక కొన్ని, భుజాలు దాటి ఒక జానెడు, అంతవరకు అవకాశం ఉండొచ్చు. రెండంటే రెండు పాయలు పెట్టి చూద్దాం. పది రోజులు ఉండనిద్దాం. అవి నిలిస్తే మిగతావి పెడతాను. నిలవకపోతే లేదు."

"మరి బస్టాండు పక్కవాళ్ళు?"

"వాళ్ళు రెండు పెట్టి చూడరు. అన్నీ పెట్టి చూస్తారు."

నవ్వింది. రెండు పాయలు పెట్టించుకుంది. పది రోజులు నీళ్ళలోకి దిగొద్దన్నాను. టేపుకి ఆ నీళ్ళు పడవు.

"ఈత టీచర్ని నీళ్ళలో దిగొద్దంటే ఎలాగండీ!"

"గట్టు మీద నుంచి నేర్పండి."

ఓనరమ్మ అటూ ఇటూ తిరుగుతూ అంతా విని, ఆవిడ వెళ్ళాక, "రెండు పాయలకి గంటన్నర!" అంది. అని, టీ పోసి ఇచ్చింది.

శుక్రవారం

మధ్యాహ్నం సెలవు పెట్టి ఈతకొలనుకి వెళ్ళాను. శుక్రవారాలు కూడా ఈత ఉంటుంది, పిచ్చుకని ఇంటి దాకా దింపాలన్న వంకతో. అది తనే వెళ్ళగలదు.

గాజు గోడ వెనక నిలబడ్డాను. వేడిగా, ఉక్కగా, మందు వాసన. ఆవిడ పొడి బట్టల్లో, తలకి రెండు టోపీలు ఒకదాని మీద ఒకటి వేసుకుని, గట్టు పొడుగునా పరిగెడుతోంది. "కాళ్ళు! కాళ్ళు కొట్టండి! మోకాళ్ళు కాదు!" వొంగి, గాలిలో చేతులాడించి చూపిస్తోంది. ఒక బుడ్డోడు భయపడి కొలను అంచున పట్టుకునే బద్దెని వదలడం లేదు. ఆవిడ ఒక కాలు నీళ్ళవైపు పెట్టింది. తీసేసింది. మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి చాపి, ఏదో చెప్తూనే ఉంది. వాడు వదల్లేదు.

"టీచర్ నీళ్ళలోకి రావట్లేదని అందరూ గొడవ," అంది పిచ్చుక తల తుడుచుకుంటూ. "చిన్నపిల్లలైతే ఏడుస్తున్నారు. టీచర్ చేతుల మీద పడుకోబెడితేనే వాళ్ళు తేలతారు." తర్వాత, "నువ్వు లోపలికి ఎందుకు రాలేదు?" అంది.

"వేడిగా ఉంది."

చాలారోజులకి నా చెయ్యి పట్టుకుని నడిచింది. రోడ్డు దాటేదాకానే.

ఆదివారం

మెలకువ వచ్చినప్పుడల్లా ఆ రెండు పాయలే. బయట ఎవరి వెనక నడిచినా మెడ మీదే చూపు. కూరగాయల దుకాణంలో ఒకావిడ తిరిగి చూసి, "ఏమన్నా పాకుతోందా?" అని అడిగింది.

మంగళవారం

నిలవాలి.

నిలవాలనే అనుకుంటున్నాను.

నిలిస్తే నేనే నా చేత్తో ఒక్కొక్కటీ అంటించి, దువ్వి, అద్దం పట్టుకుని చూపించి, ఆయన దగ్గరికి పంపుతాను. దానికేం. ఎంతమందికి చెయ్యలేదు.

నిలవకపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. ఈ మాట కొట్టెయ్యను, ఉండనీ.

శుక్రవారం

చెప్పిన సమయానికి ముందే వచ్చి బయట మెట్ల మీద కూర్చుంది. లోపలికి రమ్మని నేనే వెళ్ళి పిలిచాను.

పైజుట్టు ఎత్తి చూశాను. ఎడమ పక్కది నిక్షేపంలా ఉంది. కుడి పక్కది కిందికి జారి, నాలుగైదు వెంట్రుకల మీద వేలాడుతోంది. మిగతావి దానితోపాటు కుదుళ్ళతో సహా వచ్చేశాయి. కందిగింజంత చోట చర్మం నున్నగా, ఎర్రగా మెరుస్తోంది.

అది నేను పెట్టింది. నా చేతులతో పెట్టింది.

"ఎలా ఉన్నాయండీ?"

"ఒకటి నిలిచింది."

"రెండోది?"

చెప్పకుండా వెనక అద్దం పట్టుకుని చూపించాను. చూసింది. వేలితో తడిమి చూసింది. చాలాసేపు వేలు అక్కడే ఉంచింది.

"ఒకటి నిలిచింది కదా. నిలిచిన వైపైనా కొన్ని..."

"పెట్టనండీ. ఎక్కడ నిలుస్తుందో ఎక్కడ ఊడుతుందో చెప్పలేనప్పుడు పెట్టను. మీరు ఏడ్చినా పెట్టను. పిచ్చుక నాన్న ఫోను చేసినా పెట్టను."

"ఏడవన్లెండి," అంది. కళ్ళు మాత్రం తుడుచుకుంది. "మొదటిసారి కూడా వద్దనే అన్నారు."

"అన్నాను."

"వెనక చూడకుండా అన్నారు."

నేను నిలిచిన పాయ కూడా తీసెయ్యడానికి టేపుకి మందు రాస్తున్నాను. నా చెయ్యి ఆగింది. "మీకు తెలుసా?"

"నా తలే కదండీ! ఎవరి చెయ్యి ఎక్కడిదాకా వచ్చి ఆగిందో నాకు తెలీదా?" అద్దంలో కాకుండా, తిరిగి నా మొహంలోకి చూసింది. "ఆ రాత్రి ఏడ్చింది జుట్టు కోసం కాదు. నన్ను ముట్టుకోవడం కూడా మీకు ఇష్టం లేదనుకున్నాను. ఆయనకి ఆ సంగతి చెప్పలేదు. చెప్తే మీ మీదికి ఇంకా పోట్లాటకి వచ్చేవారు."

క్షమించమని అడగాలి. ఆ మాట గొంతు దాకా వచ్చింది. "కాస్త కొబ్బరినూనె రాస్తాను, మంట తగ్గుతుంది," అని వచ్చింది బయటికి.

"రాయండి," అంది.

వేలితో కొద్దిగా తీసుకుని ఆ కందిగింజంత చోట రాశాను. నెమ్మదిగా. ఆవిడ కళ్ళు మూసుకుంది. అప్పుడు చెప్పాను, ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పనిది.

"ఆ ఫోటోలో జడ నాది కాదండీ."

"అంటే?"

"సగం సవరం. పొద్దున్నే మాస్టరమ్మ నా జుట్టులో కలిపి అల్లింది. నా జుట్టు వీపు మధ్య దాకా కూడా ఎప్పుడూ లేదు. ఆ బరువుకి సాయంత్రానికి మెడ పట్టేసింది. అందుకే ఫోటోలో తల అలా నిటారుగా పెట్టుకుని మహారాణిలా ఉన్నాను."

ఆవిడ కళ్ళు తెరిచింది. "ఆయనకి తెలుసా?"

"ఇప్పటికీ తెలీదు. మర్నాడు సవరం లేకుండా కాఫీ తీసుకెళ్తే తీసుకుని తాగాడు. పొడుగు తగ్గిందని ఆ రోజూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు."

మొదట ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని కంగారుపడ్డాను. నవ్వుతోంది. నాకూ ఆగలేదు. ఓనరమ్మ లోపల్నుంచి వచ్చి, ఇద్దరినీ చూసి, తలుపు వేసుకుని వెళ్ళిపోయింది.

వెళ్ళేముందు ఆవిడ గుమ్మంలో ఆగింది. "ఇవాళ నీళ్ళలోకి దిగొచ్చా?"

"నూనె రాసుకుని, టోపీ పెట్టుకుని దిగండి. బయటికి రాగానే మంచినీళ్ళతో కడుక్కోండి."

పూర్తిగా వినలేదనుకుంటాను. అప్పటికే మెట్లు దిగుతోంది.

శనివారం

పిచ్చుక వచ్చి చెప్పింది. ఆ బద్దె వదలని బుడ్డోడు తేలాడట.

బుధవారం, పెళ్ళి

పెళ్ళి అంటే రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు, తర్వాత భోజనం. పదకొండింటికి. ఆవిడ తల నేనే ముస్తాబు చేస్తానని ముందురోజే ఫోను చేసి చెప్పాను. ఎందుకు చెప్పానో అప్పుడు తెలీలేదు. ఇప్పుడూ సరిగ్గా తెలీదు.

చిట్లిన చివర్లన్నీ కత్తిరించాను. చిలుం రంగుని చల్లార్చడానికి లేతగా ఒక రంగు పట్టించి కడిగాను. వేడి తక్కువ పెట్టి ఆరబెట్టాను. వెనక ఊడిన చోటు కనపడకుండా పక్కజుట్టు మీదికి తెచ్చి, లోపల చిన్న పిన్ను పెట్టాను. జుట్టు మెడ దగ్గర ఆగింది. అందగత్తె అని నేను అనను. బాగుంది. ఆవిడలాగే ఉంది.

అప్పుడే ఆయన గాజు తలుపు తోసుకుని సగం లోపలికి వచ్చాడు. కొత్త చొక్కా, మెడ దగ్గర గుండీ తప్పుగా పెట్టుకున్నాడు. "కారు అడ్డంగా పెట్టాను. వెనక హారన్లు కొడుతున్నారు. అయిందా?"

జుట్టు వంక చూడనే లేదు. ఆవిడ తల నున్నగా గొరిగి కూర్చోబెట్టినా అదే మాట అనేవాడు.

అద్దంలో ఆవిడ కళ్ళూ నా కళ్ళూ కలిశాయి. ఇద్దరం పెదవులు బిగబట్టాం. లాభం లేకపోయింది.

"ఏమైంది? ఏంటి నవ్వుతున్నారు?" అన్నాడు.

"ఏం లేదు," అన్నాం ఇద్దరం.

ఆవిడ మెడ చుట్టూ గుడ్డ నేను విప్పాను. ఆవిడ మడతపెట్టబోతే లాక్కున్నాను. వెనక నిలబడి ఆయన, "ఆ రోజు ఫోన్లో నేను..." అని మొదలెట్టాడు.

"హారన్లు కొడుతున్నారు, వెళ్ళు," అన్నాను. గుండీ సంగతి నేను చెప్పలేదు. ఆవిడే చూసుకుంది, మెట్ల మీద ఆగి సరిచేసింది.

వాళ్ళు వెళ్ళాక రంగులు కలిపే గదిలోకి వెళ్ళి ఎవరూ అడగని రంగు ఒక గిన్నెడు కలిపాను. చిక్కగా అయ్యేదాకా కలుపుతూనే ఉన్నాను. ఓనరమ్మ వచ్చి గిన్నె చేతిలోంచి తీసుకుంది. "ఇంటికెళ్ళి పడుకో," అంది.

"నాకేం కాలేదు మేడం."

"తెలుసు. అయినా వెళ్ళు."

ఆదివారం

వాళ్ళిద్దరూ ఊరెళ్ళారు. పిచ్చుక వారం రోజులు నా దగ్గరే. పొద్దున తలంటి పోసి, మెట్ల మీద కూర్చోబెట్టి చిక్కు తీస్తున్నాను. దాని జుట్టుకి కూడా ఆ నీళ్ళ వాసన పట్టింది.

"అమ్మా, ఒకటి అడుగుతాను. కోప్పడకూడదు."

"అడుగు."

"మొదటిసారి నువ్వు వద్దన్నది కోపంతోనేనా?"

దువ్వెన చిక్కులో ఇరుక్కుంది. లాగకుండా వేళ్ళతో విడదీశాను. దీనికి చెప్పడానికి నా దగ్గర తయారుగా ఎన్ని సమాధానాలున్నాయో! అన్నీ జుట్టు గురించే.

"అవును," అన్నాను. "కోపమో, కుళ్ళో. అలాంటిదే."

"మరి జుట్టు బాలేదన్నావుగా? ఊడింది కూడా. నాకు చూపించింది."

"అదీ నిజమే."

"రెండూ ఎలా నిజమవుతాయి?"

"అయ్యాయి మరి. నేనేం చెయ్యను?"

నేను ఇంకో చిక్కు విప్పాను. ఎదురింటి డాబా మీద ఎవరో దుప్పట్లు ఆరేస్తున్నారు.

"పోన్లే," అంది చివరికి, పెద్ద ఆరిందాలా. "కోపంతో అన్నావని పిన్నికి చెప్పన్లే. బాధపడుతుంది."

పిన్ని అంది. నా ఎదురుగా ఎప్పుడూ టీచర్ అనే అనేది. అన్నాక తనే ఉలిక్కిపడినట్టు మెడ బిగించింది. నేనేమంటానోనని ఎదురుచూస్తోంది. నా చేతిలో దాని జుట్టు సగం విడిపోయి, సగం చిక్కులో ఉంది.

"చెప్పక్కర్లేదు," అన్నాను. "పిన్నికి తెలుసు."